అక్కా అనకు

అమ్మ టేపు మెళ్ళో వేసుకుని, "ఊఁ, ఇక నువ్వు రావే" అని బుడ్డిని పిలిచినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. నా కొలతలు అప్పుడే తీసింది. హైస్కూలు యూనిఫాం గుడ్డ మిషను మీద ఇంకా మడత విప్పకుండా ఉంది. అందులో దానికి కూడా వాటా ఉందని ఆ క్షణం దాకా నాకెవరూ చెప్పలేదు.

"దానికెందుకు కొత్తవి? నా పాతవి ఉన్నాయిగా," అన్నాను.

"నీ పాతవి చిన్న బడివి. ఇప్పుడు ఇద్దరూ హైస్కూలుకేగా వెళ్ళేది," అంది అమ్మ పళ్ళ మధ్య గుండుసూది పెట్టుకుని.

ఇద్దరూ! ఆ మాట వింటేనే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది.

బుడ్డి మా చెల్లెలు. నాకంటే ఏడాది చిన్నది. నిలబడితే నా భుజం దాకా కూడా రాదు. పుట్టినప్పటి నుంచి నా గౌన్లు, నా చెప్పులు, నా పుస్తకాలు, అన్నీ నేను వాడి వదిలేశాకే దానివి. అదే పద్ధతి, అదే న్యాయం. హైస్కూలుకు కూడా నేనే ముందు వెళ్ళాలి, ఏడాది పాటు దానికి కథలు చెప్పి ఊరించాలి, ఆ తర్వాత అది రావాలి. అలాంటిది ఆరో తరగతి నుంచి ఒక్క గెంతు గెంతి ఎనిమిదిలో, సరిగ్గా నా పక్కన వచ్చి వాలింది. డబుల్ ప్రమోషనట! పాత బడి హెడ్మాస్టారు నాన్నను పిలిచి మరీ చెప్పారు. నాన్న ఫొటోలకు ఫ్రేములు కట్టే మనిషి. అద్దం కోస్తున్నప్పుడు ఎవరు పలకరించినా తలెత్తడు. ఆ వారం మాత్రం దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళకీ, కోస్తున్న అద్దం పక్కన పెట్టి, "మా చిన్నది..." అంటూ మొదలుపెట్టాడు. "మా పెద్దది కూడా పాసైంది" అని ఒక్కసారైనా అంటాడేమోనని చెవులు రిక్కించి విన్నాను. అనలేదు.

తమాషా ఏమిటంటే, నా గొయ్యి నేనే తవ్వుకున్నాను. సాయంత్రాలు టీచరాట ఆడేటప్పుడు దాన్ని గోడవారగా కూర్చోబెట్టి, స్కేలు పట్టుకుని, నా పాఠాలన్నీ దానికి చెప్పింది ఎవరు? నేనే. తప్పు చెబితే మొట్టికాయ వేసి మళ్ళీ చెప్పించింది ఎవరు? నేనే. ఆ పిల్లరాక్షసి ఆటను ఆటగా వదిలేయకుండా అంతా బుర్రలో దాచుకుంది.

హైస్కూలంటే నాకు భయం లేకపోలేదు. అంతస్తులకు అంతస్తులు మెట్లు, గంట కొట్టినప్పుడల్లా మారిపోయే టీచర్లు, పెద్ద క్లాసుల వాళ్ళ వెక్కిరింతలు, ఇవి అందరికీ ఉండే భయాలే. నా భయం వేరు. అక్కా చెల్లెలూ ఒకే క్లాసులో కనపడితే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? చెల్లెలు గెంతిందని ఎవరూ అనుకోరు. అక్క ఫెయిలైందనుకుంటారు. మొదటి రోజే ఆ ముద్ర పడిందంటే పదో తరగతి దాకా చెరగదు.

అందుకే బడి తెరిచిన రోజు పొద్దున వెళ్తూ, మందుల దుకాణం మలుపు దగ్గర దాన్ని ఆపాను.

"చూడు. బళ్ళో నన్ను అక్కా అనకు."

"మరేమనాలి?"

"ఏమీ అనొద్దు. నువ్వెవరో, నేనెవరో. సరేనా?"

"సరే అక్కా."

"ఇదిగో, ఇదే వద్దంటున్నా!"

"సరే," అంది. ఇంకేదో అనబోయి మింగేసింది. గేటు కనపడగానే, నేను చెప్పకుండానే, నా చెయ్యి వదిలేసింది.

ఇద్దర్నీ ఒకే సెక్షన్లో వేశారు. నేను కిటికీ పక్క బెంచీ పట్టాను. పొట్టిగా ఉందని దాన్ని మొదటి బెంచీలో, కళ్ళజోడు పెట్టుకున్న ఒక పొడుగమ్మాయి పక్కన కూర్చోబెట్టారు. లెక్కల మాస్టారు వస్తూనే బోర్డు మీద ఒక లెక్క వేశారు. నేనింకా వేళ్ళు ముడుస్తుండగానే మొదటి బెంచీ నుంచి జవాబు వచ్చేసింది. ఆ గొంతు ఎవరిదో వేరే చెప్పాలా? ఆ రకం లెక్క దానికి నేర్పింది నేను. క్లాసంతా "అబ్బో" అంది. నాకు కడుపు మండిపోయింది.

"భలే! ఇంత లేవు, ఎవరి చెల్లెలివమ్మా నువ్వు? పొరపాటున అక్క క్లాసులోకి వచ్చి కూర్చోలేదు కదా?" అని నవ్వారు మాస్టారు.

బుడ్డి లేచి నిలబడింది. వెనక్కి తిరిగి నా వైపు చూస్తుందనుకున్నాను. చూడలేదు.

"ఎవరి చెల్లెల్నీ కాదండీ," అంది.

నేను కోరుకున్నది అదే. అయినా ఆ మాట చెవిన పడగానే ఏదో పోగొట్టుకున్నట్టయింది. చెప్పిన మాట వింది, మంచిదేగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ తర్వాత చెప్పిన పాఠం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

ఇంటర్వెల్లో వరండా స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. నాకింకా ఎవరూ జత కుదరలేదు. కాస్త అవతల బుడ్డి నీళ్ళ సీసా మూతతో కుస్తీ పడుతోంది. ఆ మూత తీయడం దానికి ఏనాడూ చేతకాదు. "అవి వేళ్ళా, బెండకాయలా?" అని తిడుతూ రోజూ నేనే తీసిస్తాను. కొత్త స్కర్టు అంచు చుట్టి తిప్పి చూసింది. రాలేదు. నా వైపు చూసి నోరు తెరిచింది. మళ్ళీ మూసేసుకుంది.

నేను అడుగు వేసేలోపే ఆ కళ్ళజోడు అమ్మాయి వచ్చి, సీసా అందుకుని, టక్కున మూత తిప్పేసింది.

"థాంక్స్ అక్కా," అంది బుడ్డి.

అక్కా!

లెక్క చెప్పినప్పుడు ఏడ్చిన ఏడుపు దీని ముందు ఏపాటి! కొత్త బట్టలు తీసుకో, నాన్న పొగడ్తలు తీసుకో, మొదటి బెంచీ కూడా నువ్వే తీసుకో. ఆ మాట మాత్రం నాది. దానికి నోరు తిరిగినప్పటి నుంచి నాకొక్కదానికే చెందిన మాట. పొద్దున కనపడ్డ కళ్ళజోడుకి ధారపోయడానికి అదేమన్నా కుళాయి నీళ్ళా?

విసవిసా వెళ్ళి సీసా లాక్కున్నాను.

"ఇది నా చెల్లెలు," అన్నాను.

కళ్ళజోడు నన్ను ఎగాదిగా చూసింది. "ఇద్దరూ ఒకే క్లాసా? అయితే నువ్వు ఫెయిలయ్యావా?"

చుట్టూ ఉన్నవాళ్ళంతా ఇటు తిరిగారు. సెలవులన్నీ నేను భయపడుతూ గడిపింది ఆ ఒక్క ప్రశ్నకే.

"ఫెయిలయ్యానో పాసయ్యానో తీరిగ్గా చెప్తాలే. ముందు ఆ మూత ఇటివ్వు."

ఇచ్చింది. దాన్ని సీసాకి పెట్టి, ఉన్న బలమంతా ఉపయోగించి బిగించాను. మళ్ళీ నేనే తిప్పి తీసి, సీసా బుడ్డి చేతికిచ్చాను.

"తాగు."

తాగింది. సగం నీళ్ళు కొత్త చొక్కా మీదే పోసుకుంది. మూతి తుడుచుకుని, నా దగ్గరకు జరిగి, గుసగుసగా అడిగింది.

"ఇప్పుడు అనొచ్చా?"

"అను," అన్నాను. "గట్టిగా అను. ఆ కళ్ళజోడుకి వినపడాలి."