సన్నంచు పైకి, పెద్దంచు కిందికి

మా అవ్వకు, మా అమ్మకు, నాకు ఒకటే నడుము. చేతులు సన్నం, కాళ్ళు సన్నం, మధ్యలో మాత్రం కందుల బస్తాకు తాడు కట్టినట్టు ఉంటుంది. ఇప్పుడు నా మనవరాళ్ళు అద్దం ముందు పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి చూసుకుంటుంటే నాకు నవ్వొస్తుంది. ఎంతసేపని బిగబడతారు? అన్నం తినొద్దా, మాట్లాడొద్దా? నడుము ఎక్కడికీ పోదు. దానికి తగిన చీర మనమే వెతుక్కోవాలి. నాకు ఆ చీర దొరికింది తెలివితో కాదు, నా వాగుడుతో.

పెద్ద యుద్ధం మొదలుకావడానికి ముందటి ఏడు. నా పుట్టిల్లు ధర్మవరంలో మగ్గం ఇల్లు. హిందూపురం కాపురానికి వచ్చి నాలుగేళ్ళు, ఇద్దరు పిల్లలు. మా మరిది నాగరాజుకు పెనుకొండ పిల్లను ఖాయం చేసి, నిశ్చితార్థానికి ఇంటిల్లిపాదీ రైలెక్కాం. ఆ రోజు కట్టుకోవడానికి మా ఆడబిడ్డ కమలాక్షి వదిన తన చీర ఇచ్చింది. పసుపురంగు, అరచేతంత గళ్ళు, రెండు పక్కలా జానెడు జరీ అంచు. నేనేమో పొట్టి. ఎక్కువైన గుడ్డంతా మడిచి నడుములోనే దోపాలి కదా, జరీ అంచు కూడా అందులోకే పోయి అట్టలాగా నిలబడింది. అది చాలదన్నట్టు మా అత్త కుళ్ళాయమ్మ ఇంటి వడ్డాణం తెచ్చి ఆ పైన బిగించింది.

పెనుకొండలో పెళ్ళికూతురి అవ్వ ఉలిగమ్మ నన్ను చూడగానే చేయి పట్టుకొని చాప మీద కూర్చోబెట్టింది. ఉప్పు అద్దిన పచ్చి మామిడి ముక్క నా చేతిలో పెట్టింది.

"ఎన్నో నెలమ్మా?" అంది.

"ఏం నెల అవ్వా?"

"నా దగ్గర సిగ్గెందుకు మే. ఐదా, ఆరా?"

నా చంకలో ఎనిమిది నెలల పిల్లవాడు ఉన్నాడు. అవ్వ వాడిని చూసి, "పాపం, అప్పుడే మళ్ళానా" అని నాలుక చప్పరించింది. కమలాక్షి వదిన నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను తల దించుకొని మామిడి ముక్క తిన్నాను. అబద్ధం ఎందుకు, ముక్క బాగుంది.

తిరుగు రైల్లో వదిన ఊరుకోలేదు.

"ఏమ్మే పుష్పా, పెళ్ళికి మొదటి కుండ నువ్వే ఎత్తాల కదా. ఆ అవ్వ ఈసారి మంత్రసానిని పిలుచుకొస్తాదేమో."

మాలో పెళ్ళికి ముందు రోజు కుమ్మరి ఇంటి నుంచి మేళంతో కుండలు తెస్తారు. పెళ్ళికొడుకు పెద్ద వదిన మొదటి కుండ చంకనెత్తుకొని అందరికంటే ముందు నడవాలి. వీధి వీధంతా అరుగుల మీద కూర్చొని ఆమెనే చూస్తుంది. ఆమె ఎత్తకపోతే పెళ్ళికొడుకు అక్క ఎత్తుకుంటుంది.

"నీకు కష్టమైతే నేను ఎత్తుకుంటాలే" అంది వదిన. ఆ 'లే' నాకు గుచ్చుకుంది. నాగరాజు ఎదుటి బల్ల మీద నుంచి మెల్లిగా అన్నాడు: "మా వదినే ఎత్తాల."

ఆ పిల్లవాడికి నాలుగేళ్ళు అన్నం పెట్టిన చేయి ఇది. ఆ కుండ నేను వదలదలుచుకోలేదు. అలాగని ఇంకొక వీధి నన్ను చూసి నెలలు లెక్కపెడితే భరించే ఓపికా లేదు.

మరునాడే పిల్లలతో ధర్మవరం రైలెక్కి పుట్టింటికి వెళ్ళాను. మా నాయన మార్కండేయులు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకొని నేస్తున్నాడు.

"నాయనా, పెళ్ళికి ఇరవై అయిదు దినాలు ఉండాది. నడుము కనపడని చీర నాకొకటి నెయ్యి."

"నడుము కనపడకుండా నేసేది యాడైనా ఉంటాదా?" అన్నాడు నాయన.

మూలన కూర్చొని వక్క నములుతున్న మా అవ్వ అందుకుంది. "ఎందుకుండదు? గళ్ళు వద్దు. పసుపు వద్దు. నేరేడుపండు రంగు వెయ్యి. బుట్టాలు పెట్టొద్దు. పట్టు మెత్తంది తియ్యి, కుచ్చిళ్ళు జారి కాళ్ళ మీద పడాల, బొంగు మాదిరి నిలబడకూడదు. అంచు సన్నంగా వెయ్యి."

"అన్నీ ఒప్పుకుంటా. అంచు మాత్రం జానెడే" అన్నాడు నాయన. "మార్కండేయులు బిడ్డ సన్నంచు కట్టిందంటే నలుగురూ నవ్వుతారు."

"నలుగురూ నవ్వేది అంచును చూసి కాదు, నడుమును చూసి" అంది అవ్వ.

"అంచు జానెడే, రెండు పక్కలా" అని నాయన దారం చుట్టిన నాడెను పోగుల మధ్యకు విసిరాడు. నాడె విసిరాడంటే ఇక మాట లేదని అర్థం.

పట్టుకు రంగులు వేసి ఆరబెట్టేలోగా నాయనకు జ్వరం వచ్చి పడుకున్నాడు. పడుగు సిద్ధం చేసే పని అమ్మకు, నాకు పడింది. పడుగంటే చీర పొడవునా వెళ్ళే పోగులు. ఒక పడుగుకు మూడు చీరలు వస్తాయి. అందులో అంచు పోగులు ఎర్రవి, వేరుగా ఎంచాలి. నూరు పోగులకు ఒక తెల్ల దారం కట్టాలి. ఒక్కొక్క అంచుకు ఆరు తెల్ల దారాలు. పెళ్ళికాక ముందు నేను కళ్ళు మూసుకొని చేసిన పనే.

మొదటి అంచు నోరు మూసుకొని ఎంచాను. రెండవది మొదలుపెట్టేసరికి పక్కింటి రామాంజినమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది.

"పెనుకొండలో ఏమో అయిందంట కదమ్మే?"

అడిగాక చెప్పకుండా ఉండగలనా? రైలు దగ్గర మొదలుపెట్టాను. చీర గళ్ళు చెప్పి ఒక దారం కట్టాను. వడ్డాణం చెప్పి ఒకటి. ఉలిగమ్మవ్వ మామిడి ముక్క చెప్పేటప్పుడు ఇద్దరం నవ్వీ నవ్వీ ఒకరి మీద ఒకరు పడ్డాం, అక్కడ ఒకటి కట్టాను. కథ అయిపోయేసరికి తెల్ల దారాలు ఆరూ ఉన్నాయి. వాటి మధ్య నూరేసి పోగులు మాత్రం లేవు, ఆ సంగతి నేను చూసుకోలేదు.

అమ్మ వచ్చి దారాలు చూసి సరే అంది. పక్కన మిగిలిన ఎర్ర పట్టు చూసి, "ఈసారి శానా మిగిలిందే, నీ చెయ్యి మంచిది" అని మెచ్చుకొని, తనకు తక్కువైందంటే రామాంజినమ్మకు ఇచ్చేసింది. ఆమె ఆ సాయంత్రమే దాన్ని తన మగ్గానికి ఎక్కించింది.

నాలుగో రోజు నాయన లేచి పడుగు మగ్గానికి ఎక్కించి కూర్చున్నాడు. రెండు అంచులనూ చేత్తో కొలిచాడు.

"అంజనమ్మా" అన్నాడు అమ్మను పిలిచి. "ఈ పక్క అంచు యాడికి పోయింది?"

కుడిపక్క జానెడు అంచు. ఎడమపక్క మూడు వేళ్ళు. అంచు తగ్గినంత మేర చీర పన్నా, అంటే వెడల్పు, కూడా తగ్గింది. అమ్మ నా ముఖం చూసింది. నేను గోడ చూశాను.

"పట్టుకు ఎరుపు మళ్ళా వేయించితే?" అంది అమ్మ.

"అదే ఎరుపు మళ్ళా పడుతాదా? ఒక పక్క కుంకుమ, ఒక పక్క ఇటుక పొడి అవుతాది. దినాలు యాడుండాయి?" నాయన వీధి తలుపు మూయించాడు. వీధిలో పోయేవాళ్ళకు మగ్గం కనపడకుండా. "మూడు చీరల పడుగు. మూడూ తప్పు చీరలే. నా మగ్గం మీద నుంచి ఇట్లాంటిది ఎప్పుడన్నా దిగిందా?"

నాయన తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా నేశాడు. అమ్మ ఎడమపక్క కూర్చొని సన్నంచుకు వేరే నాడె వేస్తూ, "నా పక్క పని సులువైపోయినాదిలే" అంది ఒకసారి. నాయన నవ్వలేదు. అవ్వ నవ్వింది.

చీర కోసి నా చేతిలో పెట్టినప్పుడు నాయన ఒకటే మాట అన్నాడు. "కట్టుకో తల్లీ. ఎవురన్నా అడిగితే మా నాయన నేసినాడని మాత్రం చెప్పొద్దు."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నడుము సంగతి పోయి ఇప్పుడు మా నాయన పేరు కూడా ఆ చీరలో చిక్కుకుంది. అవ్వ నన్ను లోపలి గదిలోకి లాక్కుపోయింది.

"ఏడ్చేది తర్వాత. ముందు కట్టుకో. పెద్దంచు కిందికి పెట్టు."

సన్నంచు పైన నడుము దగ్గరికి వచ్చింది. పన్నా తక్కువ కాబట్టి మడిచి దోపే గుడ్డే లేదు. జరీ అట్ట లేదు. కుచ్చిళ్ళు ఏడే పెట్టించి, నడుము చుట్టూ పరచకుండా ముందర ఒకచోట దోపించింది. నేరేడు రంగు మీద చూపు ఎక్కడా ఆగదు, జారి జారి కింద జానెడు ఎర్ర అంచు మీదికి పోయి కూర్చుంటుంది. వడ్డాణం మాట ఎత్తితే చీపురు తిరగేస్తానంది అవ్వ. నీళ్ళ బిందె చంకకు ఎత్తించి వీధిలోకి తరిమింది.

రామాంజినమ్మ అరుగు మీద నుంచి చూసి, "ఏమ్మే, చిక్కినావు? జ్వరం నీకా మీ నాయనకా?" అంది.

పెనుకొండలో కుండలు తెచ్చే రోజు వచ్చింది. కమలాక్షి వదిన అంచులు రెండూ మెరిసే చీర కట్టి, కుండ తనకే వస్తుందేమోనని నా పక్కనే నిలబడింది. మూడు కాన్పుల తర్వాత ఆమె నడుము కూడా నా నడుముకు చుట్టమే, ఆ రోజు దాకా ఆమెకు ఎవరూ చెప్పలేదు. కుమ్మరాయన కుండ అందించాడు. నేను చంకకు ఎత్తుకున్నాను. ఆ కుండ నా నడుము మీద పీట వేసినట్టు కూర్చుంది. సన్న నడుము వాళ్ళు రెండు చేతులా పట్టుకొని అవస్థ పడుతుంటే నేను ఒక చేయి ఊపుకుంటూ నడిచాను.

మేళం పెళ్ళికూతురి ఇంటి ముందుకు వచ్చింది. ఉలిగమ్మవ్వ గడప దిగి వచ్చి నన్ను పైనుంచి కిందికి చూసింది. వీధంతా చూస్తోంది. నా గుండె కుండలో పడ్డట్టయింది.

"కాన్పయిందా మే?" అంది అవ్వ. "పిల్లోడా, పాపా?"

ఈసారి నవ్వింది కమలాక్షి వదిన ఒక్కతే కాదు. మేళగాళ్ళు సన్నాయి ఆపి నవ్వారు. నేనూ నవ్వాను, కుండ కదలకుండా. నాగరాజు అరుగు మీద నుంచి, "మా వదినకు ఏ నెలా లేదవ్వా, చీర మారిందంతే" అన్నాడు.

అంతే, ఆడవాళ్ళు చుట్టూ మూగారు. ఒకామె అంచు పట్టుకుంది, ఒకామె కుచ్చిళ్ళు లెక్కపెట్టింది. వదిన నా వెనక్కి పోయి, ముందుకు వచ్చి, వేలితో సన్నంచు తడిమింది.

"పైన సన్నం, కింద పెద్దది. ఇదేం తీరు పుష్పా? ఎవురు నేసినారు?"

నా జన్మలో నోరు మూసుకొని అంతసేపు ఉన్నది అదొక్కసారే. మా నాయన వియ్యంకులతో పాటు గోడవార నిలబడి తువ్వాలు సర్దుకుంటున్నాడు. నేను ఆయన వైపు చూడకూడదని కుండ వైపు చూశాను.

"చెప్పవేం మే? దాచుకుంటాండావా?" అంది వదిన. "నా నడుముకు మాత్రం మంచిది కట్టుకోవాలని ఉండదా?"

ఆ మాట ఆమె నోట వినడం అదే మొదలు. ఇంకొకామె, "బెంగుళూరు సరుకేమో" అంది.

నాయన తువ్వాలు భుజాన వేసుకొని ముందుకు వచ్చాడు. బెంగుళూరు అనడం ఆయన ఓర్చుకోలేకపోయాడు.

"నా మగ్గంలోదే తల్లీ. ఈ పడుగులో ఇంకా రెండు దిగుతాయి."

"ఒకటి నాకు" అంది కమలాక్షి వదిన.

"ఇంకోటి నాకు" అంది ఉలిగమ్మవ్వ. "డెబ్బై ఏండ్ల నుంచి ఇదే నడుము మోస్తాండా. ఒక్కరన్నా చెప్పినారా?"

రెండు చీరలూ ఆ నెలలోనే దిగాయి. ఆ తర్వాత పెద్ద నడుము ఉన్న ఇంటి నుంచి ఎవరు వచ్చి అడిగినా నాయన ఆ తీరులోనే నేసేవాడు. పోగులు మాత్రం తనే లెక్కపెట్టేవాడు. ఒక్కొక్కసారి లెక్క తప్పితే అమ్మ మీద కసురుకొని, నాకు హిందూపురానికి కబురు పెట్టేవాడు.

"పుష్పను రమ్మనండి. ఆ పక్కింటి రామాంజినమ్మను కూడా అరుగు మీద కూర్చోబెట్టండి. సన్నంచు వాళ్ళిద్దరికే కుదురుతాది."