గుంటలో మహారాజు

ఎండాకాలం వచ్చిందంటే మా నగరంలో రాజులూ రాణులూ నాటకశాల వదిలేసి వీధిన పడతారు. ఏటా జరిగే ఉత్సవం అది. ఆడేవన్నీ పాత నాటకాలే: శాపాలు, సింహాసనాలు, అడవులపాలైన రాణులు. ఆడే చోట్లు మాత్రం ఎవరూ కలలో కూడా అనుకోనివి. ఓ ఏడు నీళ్లు తీసేసిన ఈతకొలనులో యుద్ధం జరిగింది. మరో ఏడు కోల్డ్ స్టోరేజీలో ప్రణయ ఘట్టం పెడితే నాయకుడికి ప్రేమ కంటే ముందు జలుబు పట్టుకుంది. పోయినేడు ఫైర్ స్టేషన్‌లో పట్టాభిషేకం జరుగుతుండగా నిజంగానే గంట మోగి, మంత్రులు కూర్చున్న బండి మంత్రులతో సహా మంటల దగ్గరికి వెళ్లిపోయింది. జనం అదీ నాటకమే అనుకుని చప్పట్లు కొట్టారు.

ఈ ఉత్సవంలో నేను ప్రాంప్టర్‌ని. నటులు మాట మరిచిపోతే చాటు నుంచి అందించడం నా పని. సవ్యంగా జరిగితే నేనున్నానని ఎవరికీ తెలియదు. తేడా వస్తే అందరూ నావైపే గుడ్లురుముతారు.

మా వదిన రాణి. పదిహేనేళ్లుగా ఆ ఉత్సవంలో ఏ రాణి ఏడ్చినా ఆ ఏడుపు మా వదినదే. మా అన్నయ్య సిటీ బస్సుల గ్యారేజీలో పెద్ద మెకానిక్. ఇన్నేళ్లలో ఒక్క నాటకం చూసిన పాపాన పోలేదు. మంచివాడే. తాగడు, తిట్టడు, ఇంటికి కావలసినవన్నీ అడగకముందే తెచ్చిపడేస్తాడు. వదిన ఏదైనా చెబుతుంటే మాత్రం సగంలోనే "ఊఁ, సరే సరే" అంటాడు. ఏది సరే అని అడిగితే తెల్లమొహం వేస్తాడు. ఒక్కసారి వచ్చి ముందు వరసలో కూర్చుని తను చెప్పేది చివరిదాకా వింటే చాలు, ఇంకేమీ అక్కర్లేదని వదిన ఆడపడుచునైన నాతో ఎన్నిసార్లు అందో. ఆ ఒక్క కోరికా మా అన్నయ్యకి తీరిక లేక తీరలేదు.

ఈ ఏడు డైరెక్టరుగారికి బస్సు గ్యారేజీ నచ్చింది. వదిన మొహం వెలిగిపోయింది. ఆయన నాటకానికి రాకపోతే నాటకమే ఆయన దగ్గరికి వెళ్తోంది కదా, ఇక ఎక్కడికి తప్పించుకుంటాడని.

డైరెక్టరుగారికి కొన్ని నియమాలున్నాయి. నటులు కిరీటాలు పెట్టుకోకూడదు, ఆ చోట పనిచేసేవాళ్ల బట్టలే వేసుకోవాలి. అక్కడ పనిచేసేవాళ్లు పని ఆపకూడదు. ఎవరు నటులో, ఎవరు కారో చూసేవాళ్లకి చెప్పకూడదు.

"మీరు మాత్రం మేం లేనట్టే పని చేసుకోండి" అన్నాడాయన మా అన్నయ్యతో.

"దానికేం, అలాగే చేస్తాను" అన్నాడు అన్నయ్య. ఆ విషయంలో అన్నయ్యకి రిహార్సల్ అవసరమా?

మొదటి రోజు సాయంత్రం జనం గ్యారేజీలో గోడల పొడవునా నిలబడ్డారు. రాజు వేషం కంచుగొంతుది. అతను మాట్లాడితే పక్క వీధిలో వినిపిస్తుంది, అందుకే ఆ పేరు. అతను ఆగి ఉన్న బస్సులోంచి దిగాలి. నిందపడిన రాణి బస్సు ముందు నిలబడి, అడవికి పంపే ముందు ఒక్కసారి తన మాట వినమని అడగాలి. రాజు వినకుండా మొహం తిప్పుకోవాలి. నాటకానికి అదే గుండెకాయ.

సరిగ్గా ఆ సమయానికి బస్సు తలుపు తెరుచుకోలేదు. బస్సు తలుపులు గాలి ఒత్తిడితో తెరుచుకుంటాయి. కింద మెకానిక్‌లు దిగి పనిచేసే గుంటలో ఉన్న మా అన్నయ్య, గాలి పైపు ఒకటి కారుతోందని ట్యాంకులో గాలంతా వదిలేశాడు. పని చేసుకోమన్నారు, చేసుకున్నాడు. తలుపు పైన చిన్న మీట ఉంటుంది, అది తిప్పితే చేత్తో తోసుకుని దిగిపోవచ్చు. సామ్రాజ్యాలు ఏలిన కంచుగొంతుకి ఆ మీట సంగతి తెలియదు. అద్దం వెనక నోరు తెరుస్తున్నాడు, మూస్తున్నాడు. జీవితంలో మొదటిసారి అతని గొంతు ఎవరికీ వినిపించలేదు.

వదిన ఒక్క క్షణం దిక్కులు చూసింది. ఎదురుగా రాజు లేడు. కాళ్ల దగ్గర గుంటలో మొగుడున్నాడు. నేను మాట అందించేలోపే ఆమె గుంట అంచున మోకాళ్ల మీద కూర్చుంది.

"మహారాజా, నేను నేరం చేశానో లేదో తర్వాత విచారించండి. ముందు ఒక్క మాటకి బదులు చెప్పండి. ఇన్నేళ్లు మీ ఇంట్లో తిరిగాను. కళ్లు మూసుకుని, పదిమంది ఆడవాళ్లలో నా గొంతు గుర్తుపట్టగలరా?"

నాటకంలో మాటలే. అయినా రాజుకి చెప్పినట్టు లేవు.

అన్నయ్య తల ఎత్తలేదు. పైపు బిగిస్తూనే, "కొంచెం పక్కకి జరుగు, వెలుతురుకి అడ్డమొస్తున్నావ్" అన్నాడు.

గ్యారేజీ రేకులు ఎగిరిపోతాయేమో అన్నట్టు చప్పట్లు. అన్నయ్య ఉలిక్కిపడి, ఏదో బస్సు గుద్దుకుందనుకుని గుంటలోంచి బయటికి చూశాడు.

మర్నాడు పత్రికలో రాశారు: రాజుల నిర్దయని ఇంత పొదుపుగా పలికించిన నటుణ్ని ఈ తరం చూడలేదట. ఆ మొహంలో ఏ భావమూ లేకపోవడమే మహాభావమట. రాణి పాత్రధారిణి కూడా ఫర్వాలేదట.

"అదేం నటన? ఇంట్లో రోజూ చేసేదేగా!" అని వదిన పత్రిక విసిరికొట్టింది. కళ్లనిండా నీళ్లు. నవ్వొచ్చినా నవ్వే సమయం కాదని ఊరుకున్నాను. పదిహేనేళ్లు ఆమె మొరపెట్టుకుంటే రాని చప్పట్లు, ఆయన వినకపోతే వచ్చాయి. ఎవరికి మాత్రం కడుపు మండదు?

డైరెక్టరుగారు అదంతా మొదటినుంచీ తన ఆలోచనేనని అందరికీ చెప్పి, అన్నయ్య చేతులు పట్టుకున్నాడు. ఉత్సవం అయ్యేదాకా రోజూ గుంటలోకి దిగమని, నిన్నటిలాగే ఏమీ చేయవద్దని. కంచుగొంతుని సేనాపతిగా మార్చారు. అతను బస్సులు ఎక్కడం మానేశాడు.

అన్నయ్య మొదట సిగ్గుపడ్డాడు. డ్రైవర్లు "రాజుగారూ, మా బండికి బ్రేకు పట్టడం లేదండీ" అంటుంటే మెల్లగా రుచి మరిగాడు. గుంటలోకి దిగే ముందు తల దువ్వుకోవడం మొదలుపెట్టాడు. పనిబట్టలు ఇస్త్రీ చేయించాడు. అసలైన చిక్కు అప్పుడొచ్చింది. ఓ రోజు తన మాట మరీ ముందే అనేశాడు. మరుసటి రోజు మరీ ఆలస్యంగా అన్నాడు. చప్పట్లు తగ్గాయి.

"నేనెప్పుడు అనాలో కాస్త సరిగ్గా చెప్పు" అన్నాడు నా దగ్గరికొచ్చి.

"వదిన 'గుర్తుపట్టగలరా' అనగానే అనాలి అన్నయ్యా."

"అదెప్పుడంటుందో నాకెలా తెలుస్తుంది?"

"వినాలి."

"మొత్తమా?"

"మొత్తం."

అన్నయ్య బుర్ర గోక్కున్నాడు. వినకుండా ఉండటం కోసం వినాల్సి రావడం ఆయనకి ఎటూ మింగుడుపడలేదు. కానీ పని అంటే పనే, ఏ పనైనా సగంలో వదిలే మనిషి కాదు. ఆ రోజునుంచి గుంటలో పానా తిప్పుతూ చెవులు రిక్కించడం మొదలుపెట్టాడు. మాట సరైన చోట పడింది, చప్పట్లు మళ్లీ వచ్చాయి. మూడు నాలుగు ఆటలయ్యాక నాకొక తేడా కనిపించింది. వదిన మొదలుపెట్టగానే పానా తిరగడం ఆగిపోతోంది. ఇంట్లో కూడా అన్నం ముందు కూర్చుని వదినవైపు ఓరగా చూస్తున్నాడు. ఏమైందని అడిగితే "ఏం లేదు" అంటున్నాడు. ఒకరోజు నన్ను వసారాలోకి పిలిచాడు.

"ఆ నాటకం రాసినవాడికి మీ వదిన తెలుసా?"

"అది రాసినవాడు పోయి ఎన్ని తరాలైందో అన్నయ్యా."

"మరి వాడికెలా తెలిసింది?" అని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం జనం కిక్కిరిసి ఉన్నారు. వేరే ఊళ్ల ఉత్సవాలవాళ్లు కూడా వచ్చారని డైరెక్టరుగారు కాలు నిలవకుండా తిరుగుతున్నాడు. వదిన గుంట అంచున కూర్చుని చెప్పవలసింది చెప్పింది. "గుర్తుపట్టగలరా?" అంది.

అన్నయ్య ఏమీ అనలేదు.

నేను స్తంభం చాటునుంచి "పక్కకి జరుగు" అని అందించాను. పలకలేదు. "పక్కకి జరుగు, వెలుతురు..." అన్నాను, ఈసారి ముందు వరసకి వినిపించేలా. డైరెక్టరుగారు అవతలి మూలనుంచి నాకు చేతులూపుతున్నాడు. వంగి చూశాను. అన్నయ్య పానా పక్కన పెట్టేశాడు. గ్రీజు చేతులు పైకెత్తి గుంట అంచు పట్టుకుని, తలెత్తి వదిననే చూస్తున్నాడు. ఆయన మొహంలో అన్ని భావాలు ఒకేసారి ఉన్నాయి. నటన అనుకుంటే అంత చెత్త నటన నేను చూడలేదు.

నా పని నేను చేయాలి కదా. మూడోసారి గట్టిగా అందించాను.

వదిన నావైపు తిరిగి, రాణి భాష మరిచిపోయి, ఇంట్లో అన్నట్టే అంది:

"ఉండవే, వింటున్నాడు."

అని మొదటి మాటనుంచీ మళ్లీ మొదలుపెట్టింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చాలామంది మధ్యలోనే వెళ్లిపోయారు. రాణి మాటలు మరిచిపోయిందనీ, గ్యారేజీ నటుడిలో తొలిరోజు సహజత్వం మచ్చుకైనా మిగల్లేదనీ పత్రికలో వచ్చింది. డైరెక్టరుగారు మారుమాట లేకుండా అన్నయ్యని తీసేసి, ఆ గుంటలోకి శిక్షణ పొందిన నటుణ్ని దింపాడు. అతను వినకపోవడంలో దిట్ట.

రిహార్సల్‌లో వదిన అతనివైపు కాసేపు చూసి లేచి నిలబడింది, మోకాళ్లకంటిన దుమ్ము దులుపుకుంది.

"ఏమైందమ్మా? అతను చక్కగానే చేస్తున్నాడు కదా!" అన్నాడు డైరెక్టరుగారు.

"చక్కగానే చేస్తున్నాడండీ. వినని మనిషికి చెప్పుకోవడం ఇక నావల్ల కాదు, వేరే రాణిని చూసుకోండి" అంది వదిన.