చెల్లెలు రాసిన ఉత్తరం

ఆబ్రీ దొర ఇరవై మూడేళ్లుగా పార్లమెంటు సభ్యుడు. హెర్ఫర్డ్‌షైర్‌లోని తన నియోజకవర్గంలో ఆయనకు సొంతంగా గుర్తున్న పేర్లు నాలుగు. అందులో మూడు గుర్రాలవి. భార్య ఆరోగ్యం కోసం ఫ్రాన్స్ సముద్రతీరంలో ఉండేది. ఆయన ముఖం కనబడని చోట ఆమె ఆరోగ్యానికి ఏ లోటూ ఉండేది కాదు.

జనాన్ని గుర్తుపెట్టుకునే పని పెళ్లికాని చెల్లెలు లెటిస్‌ది. సంతలో అన్నకు అడుగు వెనకగా నడుస్తూ, "రొట్టెల ప్రొథెరో, మోకాలి నొప్పి" అని గొణిగేది. "ఏం ప్రొథెరో, మోకాలెలా ఉంది?" అని ఆయన చేయి చాచేవాడు. ఎంత జ్ఞాపకశక్తో అని ఊరు మురిసిపోయేది. పోగా పోగా ఆయనా ఆ మాట నమ్మేశాడు.

1929 ఎన్నికలకు ఇరవయ్యొక్కేళ్లు నిండిన ఆడవాళ్లందరికీ ఓటు వచ్చింది. ఎన్నికల సభలో చేతితొడుగులు కుట్టే అమ్మాయి ఒకతె లేచింది.

"మా ఓటు గురించి తమరేమంటారు దొరా?"

"మా చెల్లెల్ని చూడమ్మాయ్! యాభై దాటినా రాజకీయాల్లో ఓనమాలు రావు. టీ పోస్తుంది, కుక్కల్ని చూసుకుంటుంది. హాయిగా లేదూ?"

సభ గొల్లుమంది. ఆయన చేతిలోని ప్రసంగం లెటిస్ దస్తూరీలో ఉంది. ఆమెకు కోపం రాలేదు. మాంసం కుళ్లిన వాసన తగిలినట్టు ముక్కు ముడుచుకుంది. ఇంతకాలం మోసింది ఈ డొల్లనా!

"భలే నవ్వించాను కదూ, లెట్టీ?" అన్నాడు కారులో.

"బాగానే నవ్వారు, అన్నయ్యా."

మర్నాడు సంతలో మిసెస్ సేస్ అనే ఆవిడ ఎదురైంది. ఆబ్రీ అలవాటుగా చెవి వెనక్కి వంచాడు. ఏమీ వినబడలేదు.

"ఎవరే ఈవిడ?"

"నాకేం తెలుసు, ఓనమాలు రానిదాన్ని."

ఆయన పళ్లికిలించాడు. "ఏమమ్మా, మీ ఆయన కులాసానా?"

"పన్నెండేళ్లయింది దొరా, యుద్ధంలో ఫ్రాన్స్ మట్టిలో కలిసి. తమరు నడిపిన పటాలంలోనే. కన్నబిడ్డ పోయినట్టుందని తమరు ఉత్తరం రాస్తేనూ, అద్దం కట్టించి గోడకి పెట్టుకున్నా."

"అవునవును! మంచి ఉత్తరం" అంటూ ఆయన ఆమె భుజం మీదుగా మరెవరికో టోపీ ఎత్తాడు.

లెటిస్ ఉండబట్టలేకపోయింది. "అది రాసింది నేనమ్మా. ఆయన సంతకం పెట్టాడంతే. చదవను కూడా లేదు."

మిసెస్ సేస్ ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "అయితే ఇన్నాళ్లూ ఇద్దరూ కలిసే నాటకం ఆడారన్నమాట" అని, బుట్ట చంకనేసుకుని వెళ్లిపోయింది.

ఆబ్రీ నాలుగు వందల పదకొండు ఓట్లతో ఓడాడు. "విశ్వాసం లేని జనం" అన్నాడు. నెల తిరక్కుండానే పార్టీవాళ్లు ఆయనకో బిరుదు తగిలించి, ఎన్నికలే లేని ప్రభువుల సభలో కూర్చోబెట్టారు. అక్కడ ఎవరి మోకాలి సంగతీ అడగనక్కర్లేదు. మొదటి రోజే కునుకు తీశాడట.

ఆ వైభవం చూడడానికి లెటిస్ లండన్ వెళ్లలేదు. అన్న మీది అసహ్యం అన్నతో ఆగలేదు, తనకూ అంటుకుంది. మూడుసార్లు వెళ్లి మిసెస్ సేస్ ఇంటి తలుపు తట్టింది, ఆవిడ తెరవలేదు. నాలుగోసారి తెరిచింది.

"మళ్లీ ఏం రాసుకొచ్చారు?"

"ఏమీ లేదమ్మా. క్షమించమని అడగడానికొచ్చాను."

"ముందా బూట్ల బురద దులుపుకుని లోపలికి రండి. క్షమించే సంగతి తర్వాత చూద్దాం."