జారని చుక్క

ఆర్లీన్ లోపలి కడ్డీ తీసేసిన సిరంజి మొన కింద నుంచి వేలు తీసింది. కాఫీ సన్నని ధారగా కారింది. మనసులో పది లెక్కపెట్టి, మళ్ళీ వేలు అడ్డం పెట్టి చూసింది. సగం మిగిలింది. ఫరవాలేదు.

జుట్టు నెరిసేంత కాలంగా ఈ వృద్ధాశ్రమం వంటగదిలో ఆమె పని ఇదే. మింగడం కష్టమైనవాళ్ళ కాఫీలో, నీళ్ళలో పిండి కలిపి చిక్కబరచడం, పది లెక్కపెట్టేలోగా ఎంత కారిందో చూసి ఆ చిక్కదనం కొలవడం. పలచనైతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

"నీ నూనె పరీక్ష అయిందా, అమ్మాయ్?" అని రోజూ ఎగతాళి చేసే ఆశ్రమవాసి ఓర్విల్ ఈ ఉదయం మంచం దిగలేదు. బతుకంతా పెన్సిల్వేనియా నూనె కర్మాగారంలో ఇంజను నూనెల చిక్కదనం కొలిచినవాడు. రాత్రి నుంచి ఊపిరి సరిగ్గా అందడం లేదు. చివరిసారి ప్రభు సంస్కారం ఇవ్వడానికి పాస్టరును పిలిపించారు.

ఆర్లీన్ పిండి డబ్బా, సిరంజి పట్టుకుని ఓర్విల్ గదిలోకి వెళ్ళేసరికే పాస్టరు ద్రాక్షరసాన్ని దీవించి, చిన్న కప్పులో పోసేశారు.

"ఇలా ఇవ్వకూడదండీ. నీళ్ళలా ఉంది."

"దీవించాక అందులో పిండి ఏం కలుపుతామమ్మా? ఒక్క గుటకేగా!"

"మొన్న ఒక్క గుటక కాఫీకే ఈ మనిషి నీలంగా అయిపోయాడు."

"కలపనివ్వండి," అన్నాడు ఓర్విల్, కళ్ళు తెరిచి. "కొలవకుండా నేనేదీ దాటనివ్వలేదు. నా దాకా వచ్చేసరికి దొంగ కొలతా?"

ఆమె కలిపింది. సిరంజిలో నింపి వేలు తీసింది. రసమంతా గబగబా కప్పులోకి కారిపోయింది.

"పలచన," అన్నాడు ఓర్విల్. "ఆగు. నానాలి. అది కూడా నేనే చెప్పాలా?"

నవ్వబోతే దగ్గు వచ్చింది. తర్వాత ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది.

"ఇచ్చెయ్యమ్మా," అని గొణిగారు పాస్టరు.

ఆర్లీన్ రసాన్ని మరోసారి కలియబెట్టింది. ప్రభువుకు పలచన, చిక్కన పట్టింపు ఉంటుందా? ఉండదేమో. ఈ గొంతుకు మాత్రం ఉంది. దీవెన అందకుండా పోతే? అందించిన దీవెనే ఊపిరికి అడ్డం పడితే?

మళ్ళీ నింపింది. వేలు తీసింది. ఓర్విల్ చూపు ఆ ధార వెంట మెల్లగా కిందికి దిగింది. పది లెక్కపెట్టి వేలు అడ్డం పెట్టింది. సరిగ్గా సగం.

"సరిపోయిందా, పెద్దాయనా?"

ఓర్విల్ ఛాతీ ఇక లేవలేదు. కళ్ళు సిరంజి మీదే ఉన్నాయి.

పాస్టరు ఆ కళ్ళు మూశారు. సిరంజిలోది కప్పులోకి వంచి, మిగిలినదంతా తనే తాగారు.

సాయంత్రం ఆర్లీన్ కప్పులన్నీ కడిగింది. సిరంజిని కుళాయి దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. దీవించినదాన్ని మురుగులోకి వదలరు. పొద్దున్నే పెరట్లో మట్టి మీద కడగాలనుకుని, కిటికీ గట్టున గాజు గ్లాసులో నిలబెట్టి, దీపం ఆర్పి వెళ్ళింది. సిరంజి మొనను పట్టుకుని, ఒక ఎర్రటి చుక్క ఇంకా జారకుండా వేలాడుతోంది.