మనుమడి ఎత్తు బంగారం

ప్రేమలతకు భయపడటానికి కారణం అక్కరలేదు. ఫోను మోగితే ఎవరికో ఏదో అయిందనుకుంటుంది, మోగకపోతే ఇంకేదో అయిందనుకుంటుంది. అలాంటి మనిషి, కూతురు స్వాతి ఎనిమిదో నెలలోనే కని, పసివాణ్ణి హనుమకొండ దవాఖానలో పద్నాలుగు రోజులు అద్దాల పెట్టెలో ఉంచినప్పుడు మొక్కని దేవుడు లేడు. కొమురెల్లి మల్లన్నకు రంగు ముగ్గుల పట్నం వేయిస్తానంది. దర్గాలో కందూరు విందు చేస్తానంది. మేడారం తల్లులకు పిల్లవాడి ఎత్తు బంగారం ఇస్తానంది. బంగారమంటే అక్కడ బెల్లమే. తరాజులో ఒక పక్క మనిషిని కూర్చోబెట్టి, రెండో పక్క బెల్లం ముద్దలు పేర్చి, తూగినంతా తీసుకెళ్లి గద్దెల దగ్గర సమర్పించాలి.

పిల్లవాడు బతికాడు. హర్షిత్ అని పేరు పెట్టారు.

ఆ పద్నాలుగు రోజులూ స్వాతి మాత్రం ఒక్క ఏసయ్యనే అడిగింది. భూపాలపల్లిలో నర్సు ఉద్యోగంలో చేరాక, తోటి నర్సుతో కలిసి ఆదివారం ప్రార్థనకు పోవడం మొదలుపెట్టింది. ఎవరూ రమ్మని గుంజలేదు, తనే పోయింది. బొగ్గు బాయిలో పనిచేసే మొగుడు ప్రదీప్ “నాకు ఆదివారం పండుకునుడే ప్రార్థన” అని నవ్వి ఊరుకున్నాడు. ఊరుకోలేనిది ప్రేమలతే. కొత్త దేవుడు కాపాడతాడో లేదో తెలియదు, పాత దేవుళ్ళు అలిగితే ఏమవుతుందో మాత్రం ఆమెకు బాగా తెలుసు.

పిల్లవాడికి ఏడాది నిండిన నెలలోనే మేడారం జాతర వచ్చింది. మొగుడూ పెళ్ళాం ఇద్దరికీ డ్యూటీలు కుదరక, స్వాతి పిల్లవాణ్ణి నాలుగు రోజులు నర్సింహులపేటలో తల్లి దగ్గర వదిలింది. పోతూ పోతూ గడపలో ఆగింది.

“అమ్మా, వీన్ని తరాజుల కూసోపెట్టకు. నువ్వు జాతరకు పో, నీ ఎత్తు బంగారం నువ్వియ్యి. నేనేమన్న. వీని పానం కోసం నేను ఏసయ్యను అడుక్కున్న. ఆయనకే చెప్పుకుంట.”

“అట్లనే తియ్యే. కూసోపెట్ట.”

“ఒట్టా?”

“ఏందే, తల్లి మీద గూడ నమ్మకం లేదా?”

“ఉన్నది గనుకనే ఇడిసిపెట్టి పోతున్న.”

రెండో రోజు పొద్దున పిల్లవాడు పాలు కక్కాడు. ఒక్కసారే. తర్వాత నవ్వుతూ ఆడుకున్నాడు కూడా.  కానీ ప్రేమలత, తల్లులు మొక్కు గుర్తుచేస్తున్నారనుకుంది. ఆ అద్దాల పెట్టె, అందులో చారెడు పసిగుడ్డు కళ్ళ ముందు మెదిలాయి. మొగుడు రవీందర్‌ను బండి తీయమంది.

“బిడ్డ వద్దన్నది గదనే,” అన్నాడు రవీందర్.

“దేవుళ్ళంత ఒక్కటే. ఎవలకిచ్చినా ఆ మీదికే పోతది. దానికి తెలిస్తే గద!”

దంతాలపల్లిలో బెల్లం దుకాణం వీరయ్య పిల్లవాడికి బొట్టు పెట్టి, కర్పూరం వెలిగించి, తరాజులో కూర్చోబెట్టాడు.

“చెల్లే, నీ మనుమడు గింతే ఉన్నడు గని బరువున్నడు. నా దుకాణం ఒడిసేటట్టున్నది.”

“దిష్టి పెట్టకే అన్నా, నోరు మూసుకొని తూకమెయ్యి.”

ఎనిమిదిన్నర కిలోలు తూగాడు. ప్రేమలత గుండె మీద నుంచి బండ దించినట్టయింది.

రవీందర్ ఊళ్ళో రాజకీయాల్లో తిరిగే మనిషి. పొద్దున లేస్తే పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ అన్నీ ఫోను స్టేటస్‌లో పెట్టడం అలవాటు. తరాజులో మనుమణ్ణి చూసి ఉండబట్టలేక ఫోటో తీసి, ‘తల్లుల దయతో మా మనుమడు’ అని రాసి పెట్టేశాడు. ఆ ఫోటో స్వాతి కూడా చూస్తుందన్న సంగతి మొగుడూ పెళ్ళాల్లో ఒక్కరికీ తట్టలేదు.

బస్సులు మారి, పొద్దు వాలేసరికి స్వాతి వచ్చేసింది. అరవలేదు. పిల్లవాణ్ణి ఎత్తుకుంది. వాడి నుదుటి మీది బొట్టు కూడా తుడవలేదు.

“జర అన్నం తిను బిడ్డా.”

“వద్దు.”

“వాడు పాలు కక్కిండే. నా పానం పోయినంత పనైంది.”

“నాకు ఫోన్ చెయ్యకపోయినవా? నేను నర్సును గదనే అమ్మా.”

నిజమే. ఆ ఆలోచనే రాలేదు ప్రేమలతకు.

“తప్పు నాది బిడ్డా. నేను గా స్టేటస్ పెట్టకపోతే...” అన్నాడు రవీందర్.

“పెట్టకపోతే నాకు తెల్వకపోతుండె. అంతే గద బాపూ.”

ప్రేమలత కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “దేవుళ్ళంత ఒక్కటేనే. మీ ఏసయ్యకు గూడ నేను దండం పెడత.”

“ఒక్కటే అంటవు. ఒక్కటే అయితే నేను మొక్కింది నీకెందుకు సాలలేదు?”

 స్వాతి పిల్లవాడి బట్టలు సంచిలో సర్దుకుంటూనే మాట్లాడింది.

“మొన్న బతుకమ్మకు వచ్చి నీతోని పూలు పేర్చిన. ఎందుకు పోయినవని ప్రార్థన కాడ అడిగిండ్రు. మా అమ్మ మొక్కు అబద్ధం గాదు, దాన్ని నేను తక్కువ చెయ్య అని అందరి ముందట చెప్పిన. ఎవల దేవుడు ఎంత నిజమో నాకేం తెలుసు? నీ మొక్కు నిజమని తెలుసు. నాది గూడ నిజమేనని నువ్వు ఒక్కసారన్న అనుకోలె.”

ఆఖరి బస్సుకు పిల్లవాణ్ణి తీసుకుని వెళ్ళిపోయింది. ఆ వారం నుంచి హర్షిత్‌ను భూపాలపల్లిలోనే పక్కింటామె చూసుకుంటోంది. ప్రేమలత ఫోను చేస్తే ప్రదీపే ఎత్తుతున్నాడు.

ప్రేమలతా రవీందరూ జాతరకు పోయారు. ప్రతిసారీ గద్దెల దగ్గర ప్రేమలత కోరికలు తెమిలేసరికి వెనకవాళ్ళు తిట్టేవారు. ఈసారి బెల్లం సమర్పించి, కళ్ళు మూసుకుంది. ‘నా బిడ్డ మనసు మళ్ళించు తల్లీ’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. బిడ్డ మనసును బిడ్డనడగకుండా ఇంకొకరి చేతిలో పెట్టడం మళ్ళీ అదే పని కదా అనిపించింది. మాట మింగేసి, జనం తోసినట్టే బయటికి వచ్చింది.

“ఏం మొక్కినవే?” రవీందర్ అడిగాడు.

“ఏం మొక్కలె.”



తిరుగు బస్సులో ప్రదీప్ ఫోను. పిల్లవాడికి రాత్రి నుంచి జ్వరమట. ప్రేమలత చెయ్యి తనంతట తానే కొంగు చివరను పట్టుకుని ముడుపు ముడి వేయబోయింది. సగం పడిన ముడిని వేళ్ళతో విప్పేసుకుంది. 

“మందు ఏసిండ్రా అల్లుడా?”

“స్వాతి ఏసింది. తగ్గుతున్నది అత్తమ్మా.”

“నేను రావాల్నా? స్వాతిని అడుగు. అది రమ్మంటెనే వస్త.”

అవతల ఏదో గుసగుస. పిల్లవాడి ఏడుపు. తర్వాత ప్రదీప్ గొంతు, కొంచెం ఇబ్బందిగా.

“ఇప్పుడు వద్దంటున్నది అత్తమ్మా.”

“అట్లనే. దానికే తెలుసు,” అంది ప్రేమలత. భూపాలపల్లి బస్సొకటి ఎదురుగా దాటిపోయింది. ఆమె కదలకుండా కూర్చుంది.