ఒకే పక్కకి దొర్లే భూగోళాలు

మా ఇంట్లో పుట్టిన పిల్లలకి భూమి గుండ్రంగా ఉంటుందని ఎవరూ చెప్పక్కర్లేదు. నడుస్తుంటే కాలికి తగులుతూనే ఉంటుంది. మంచం కింద ఉంటుంది, వంటింటి అటక మీద ఉంటుంది, స్నానాల గది గుమ్మం పక్కన ఆరబెట్టి ఉంటుంది. మేం పిచ్చుక అని పిలుచుకునే మా అమ్మాయి పాకడం నేర్చింది ఒక భూగోళం వెంటపడే.

బడులకి భూగోళాలు చేసి అమ్మడం మా మామగారి తండ్రి మొదలుపెట్టిన పని. కాగితం గుజ్జుతో రెండు చిప్పలు పోసి, అతికించి, తెల్లటి పూత పూస్తే బంతి తయారవుతుంది. దాని మీద పటం అచ్చువేసిన కాగితపు ముక్కలు అంటించాలి. కొసలు సన్నగా, నడుము వెడల్పుగా ఉంటాయి కాబట్టి వాటిని ఆకులంటాం. ఆకులు అంటించడం నా పని. ఎక్కడా ముడత రాకూడదు. వచ్చిందంటే ఏదో ఒక దేశం ఆ మడతలోకి పోతుంది. ఆ దేశం వాళ్ళు ఊరుకున్నా మా మామగారు ఊరుకోరు.

ఆకులు అంటించే ముందు ప్రతి బంతికీ తూకం చూడాలి. అది మామగారి పని, ఇంకెవరూ వేలు పెట్టకూడదు. పనిగది మధ్యలో నేలలోకి దించిన నున్నటి నల్లరాయి ఉంది. బంతిని దాని మీద పెట్టి చెయ్యి తీసేస్తారు. కదలకపోతే మంచి బంతి. దొర్లితే ఒక పక్క బరువెక్కువైందని లెక్క. అప్పుడు ఇరుసు కన్నంలోంచి సన్నటి సీసపు గుళ్ళు లోపలికి వదిలి, తేలికగా ఉన్న పక్కన జిగురుతో అంటిస్తారు. ఆయన చెయ్యి పడ్డ భూగోళాన్ని తిప్పి వదిలితే నిదానంగా తిరిగి, ఎక్కడ ఆగాలనిపిస్తే అక్కడ ఆగుతుంది. ఒకసారి సముద్రం, ఒకసారి ఎడారి. ఏ ముఖం మీదా దానికి పక్షపాతం ఉండదు.

అయితే అన్నం పెడుతున్నది ఆ భూగోళాలే అనుకుంటే పొరపాటు. పెరట్లో మా ఆయన వేయించిన బోరు మమ్మల్ని పోషిస్తోంది. పొద్దున లేచింది మొదలు మోటారు నడుస్తుంది, ట్యాంకర్లు వచ్చి నింపుకుని పోతాయి. "కాగితం భూమి ఎవడు కొంటాడే, ఫోన్లోనే తిప్పి చూసుకుంటున్నారు. నీళ్ళైతే ఫోన్లో రావుగా" అనేవారు మా ఆయన. ఆ మోటారు చప్పుడు ఎంత అలవాటైపోయిందంటే, కరెంటు పోయి అది ఆగినప్పుడే మాకు ఉలికిపాటు.

ఎండలు ముదిరాక బంతులు దొర్లడం మొదలుపెట్టాయి. ఒకటో రెండో కాదు, పెట్టింది పెట్టినట్టే దొర్లేది. మామగారు గుళ్ళు వేసేవారు, మళ్ళీ పెట్టేవారు, మళ్ళీ దొర్లేది. ఇంకాసిని గుళ్ళు వేస్తే అప్పటికి కూర్చునేది. గుజ్జు సరిగ్గా నానలేదని నన్ను కసిరారు. ఇంకోసారి నానబెట్టాను. పూత మందమైందన్నారు. పల్చగా పూశాను. అయినా అదే వరస.

తర్వాత ఆయన కసరడం మానేశారు. నాకు దానికే మరీ భయమేసింది. తన చేతుల్ని ఒళ్ళో పెట్టుకుని వాటికేసే చూస్తూ కూర్చునేవారు. మా ఆయన నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి, "నాన్నకి చేతులు వణుకుతున్నాయి. చూశావా? పనిలోంచి మెల్లగా తప్పించాలి. ఆయన మనసు నొచ్చుకోకుండా నువ్వే ఏదో ఒకటి చెప్పు" అన్నారు. కష్టమైన మాటలన్నీ కోడలి నోటికే అప్పగిస్తారు మరి. కళ్ళకి విశ్రాంతి ఇవ్వండి మామయ్యా అన్నాను. ఆయన తలెత్తి, "నా కళ్ళు బాగానే ఉన్నాయమ్మా. పాడైంది చేతులు. నువ్వు కూడా అబద్ధమాడకు" అన్నారు. మనవరాలిని వెంటబెట్టుకుని పెరటి వైపు తన గదిలోకి వెళ్ళిపోయారు.

ఆ గదిలోనే తాతా మనవరాళ్ళ పడక. ఆయన దానికి కథలు చెప్పరు, భూమి గురించి చెబుతారు. ఆ రోజు బకెట్ నిండా నీళ్ళు పెట్టి కూర్చోబెట్టారు.

"భూమి మీదున్న నీళ్ళన్నీ ఈ బకెట్లో ఉన్నాయనుకో. ఇందులో ఉప్పు లేనివి ఎన్నో చెప్పు."

"సగం?"

"గ్లాసుడు. ఆ గ్లాసులో కూడా ఎక్కువ భాగం మంచుగడ్డే. మిగిలింది నాలుగు గుక్కలు. ఆ నాలుగు గుక్కలూ ఎక్కడున్నాయనుకున్నావ్? దాదాపు అన్నీ నేల కిందే. ఇసుకలోనూ మట్టిలోనూ రేణువుకీ రేణువుకీ మధ్య ఇరుక్కుని ఉంటాయి."

"అవి తాగేస్తే ఆ మధ్యలో ఏముంటుంది తాతా?"

ఆయన నవ్వి దాని తల నిమిరారు. గుమ్మంలో బట్టలు మడత పెడుతున్న నేను కూడా నవ్వాను. పెరట్లో మోటారు నడుస్తూనే ఉంది.

బడులు తెరిచాక ఒక మేష్టారు మా భూగోళాలు మూడింటిని సంచిలో వేసుకుని వెనక్కి తెచ్చారు. కోపిష్ఠి కాదు, నొచ్చుకుంటూనే చెప్పారు. "చూడండమ్మా, ఎంత తిప్పినా ఇది ఆగేసరికి సముద్రమే చూపిస్తోంది. ఇదేమో ఎప్పుడూ ఎడారే. పిల్లలు నవ్వుతున్నారు. పెద్దాయన చేసినవేనా ఇవి?"

మామగారు వాటిని చేతుల్లోకి తీసుకుని ఊపి చూశారు. లోపల అంటించిన సీసం ఒక పక్కకి లాగుతోంది. మా రాయి మీద కుదురుగా కూర్చున్న బంతి, బడి బల్ల మీదికి వెళ్ళేసరికి ఎందుకు వంకర పోతుంది? నాకు అంతు చిక్కలేదు. అటకెక్కి, మామగారు వయసులో ఉండగా చేసిన పాత భూగోళం ఒకటి దించి, ఇరుసు ఊడదీసి, నల్లరాయి మీద పెట్టాను. దాని తూకానికి వంక పెట్టినవాడు ఇంతవరకూ లేడు.

అది కూడా దొర్లింది. మిగతావన్నీ ఏ పక్కకి దొర్లాయో అదే పక్కకి, పెరటి గోడ వైపుకి.

చెంబుతో నీళ్ళు తెచ్చి రాయి మీద పోశాను. ఒక్క చుక్క వీధి వైపు పోలేదు. అంతా పాయలా కూడి పెరటి గోడ మొదట్లోకి చేరింది. మేము ఇన్నాళ్ళూ నేలని సరైనదనుకుని భూగోళాల్ని దిద్దాం. నేను పిల్ల పడుకునే పెరటి గది వైపు చూశాను. మామగారి ముఖం మాత్రం వెలిగిపోయింది.

"నా చెయ్యి కాదమ్మా" అన్నారు. "నా చెయ్యి తప్పలేదు. నేలే తప్పింది."

చిన్నపిల్లాడిలా మేష్టారి చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఇల్లు ఒరిగిపోతోందని తెలిసి అంత సంతోషించిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ మేష్టారే మెల్లగా అన్నారు, నేల కింది నీళ్ళు తోడేస్తే మట్టి అణిగి కుంగుతుందని, ఒక్కోచోట లోపల డొల్ల పడుతుందని, ఖాళీ అయిన మట్టి మళ్ళీ పైకి లేవదని. ఆయన వెళ్ళేటప్పుడు కొత్త భూగోళాలు కూడా అడగలేదు.

మా ఆయన ఇంటికి రాగానే తగువు పెట్టుకున్నాను. "మోటారు ఆపండి. పెరటి గోడ బీటలిచ్చింది, ఇల్లు ఖాళీ చేద్దాం. పిల్ల పడుకునేది ఆ పెరటి గదిలోనే కదా."

"బీటలు లేని ఇల్లు చూపించు ఈ వీధిలో. మోటారు ఆపితే రేపట్నుంచి తినడానికి భూగోళాలు వండుతావా?"

"ఏదో ఒకటి వండుతాను. పిల్ల ఉంటే కదా తినేది."

ఆయన రెండు రోజులు బోరు వేసేవాళ్ళ చుట్టూ తిరిగి, చివరికి తన తెలివితేటలన్నీ ఉపయోగించి ఒక దారి కనిపెట్టారు. పెరటి బోరు మూయించారు. నేను ఊపిరి పీల్చుకునేలోపే వీధి వైపు, ముందు గది గోడ పక్కన, దానికంటే లోతుగా ఇంకోటి వేయించారు. ట్యాంకర్లకి దగ్గరని కూడా చెప్పారు. పిల్ల మంచాన్ని ఎత్తుగా ఉన్న పక్కకి, అంటే ముందు గదిలోకి మార్చారు. నేను అరిచి గీపెట్టాను. ఇంట్లో నా మాట చెల్లితే ఇంత దూరం వచ్చేదే కాదు.

వానలు రాలేదు. కొత్త మోటారు గొంతు వేరు, గోడలోంచి పళ్ళ దాకా తెలిసేది. మామగారు మళ్ళీ పనిలో కూర్చున్నారు. దొర్లే బంతిని చూసి ఇప్పుడు ఆయనకి దిగులు లేదు. పోరంబోకు పిల్లాడిని వెనకేసుకొచ్చినట్టు నవ్వుతూ తెచ్చి మళ్ళీ పెట్టేవారు.

ఒక పొద్దున నేను జిగురు కలుపుతుంటే పనిగదిలోంచి కేకేశారు. "అమ్మాయ్, ఇలా రా. చూడు."

రాయి మీద బంతి నిలబడి ఉంది. ఆయన వేలితో తాకారు. అటు కాస్త, ఇటు కాస్త ఊగి నిలబడింది. ఇంకోటి పెట్టారు, అదీ కదల్లేదు. మా ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి చూసి, నోట్లోంచి బ్రష్షు తియ్యకుండానే, "చెప్పానా? నేల సర్దుకుంది. ఊరికే కంగారు పడ్డావ్" అన్నారు. మామగారు తలాడించారు. నేను కూడా ఒక్క క్షణం నవ్వాను, నిజం చెప్పాలి కదా, అంత హాయిగా అనిపించింది.

ఆ తర్వాత మేష్టారి మాట గుర్తొచ్చింది. ఖాళీ అయిన మట్టి మళ్ళీ పైకి లేవదు. పెరటి పక్క లేవలేదు. మరి రాయి మళ్ళీ చదునుగా ఎలా అయింది? వీధి పక్క కూడా దిగింది. పిల్ల పడుకున్న పక్క.

జిగురు చేతులతోనే పరిగెత్తాను. ముందు గది తలుపు నెడితే కదల్లేదు. గడియ వెయ్యలేదు, చట్రమే కిందికి వంగి తలుపుని పట్టేసుకుంది.

"అమ్మా, ఇక్కడ నేల మెత్తగా ఉంది" అంది పిచ్చుక లోపల్నుంచి. ఏడవట్లేదు, వింతగా చెబుతోంది.

"మంచం దిగకు. కిటికీ ఎక్కు తల్లీ. మంచం మీద నుంచే కిటికీ పట్టుకో."

మా ఆయన వీధిలోకి దూకారు. ఎదురింటి దర్జీ కత్తెర పారేసి వచ్చి గునపం అందుకున్నాడు. కిటికీ ఊచలు చట్రంతో సహా తేలిగ్గా ఊడొచ్చాయి, గోడ దాన్ని పట్టుకోవడం ఎప్పుడో మానేసింది. మా ఆయన పిల్ల రెట్టలు పట్టి బయటికి లాగారు. దాని కాళ్ళు ఇంకా కిటికీ మీద ఉండగానే లోపల మంచం కనిపించకుండా పోయింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. బస్తా జారినట్టు, అంతే. మంచం ఉండాల్సిన చోట నల్లటి గొయ్యి, దాని లోపల తడి అన్నది లేని మట్టి.

మామగారిని పెరటి దారిన నేనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాను. రానన్నారు, బంతులు ఆరాలన్నారు. లాక్కొచ్చాను. ఆయన చెయ్యి నా చేతిలో వణుకుతోంది. ఈసారి నిజంగానే.

మా ఆయన తూలుకుంటూ వెళ్ళి మోటారు కట్టేశారు. నేను నిశ్శబ్దం కోసం చూశాను. రాలేదు. పక్కింట్లో మోటారు నడుస్తోంది, ఆ పక్కింట్లో నడుస్తోంది, వీధి చివరి దాకా ప్రతి గోడ వెనకా నడుస్తోంది. ఇన్నాళ్ళూ మాది ఆగితే తప్ప వినపడని చప్పుడు అది. పిచ్చుక నా మెడ వదలట్లేదు. దాని గుండె కొట్టుకోవడం నా ఎముకలకి తెలుస్తోంది.

దర్జీ మంచివాడు. గునపం గోడకి ఆనించి, చెమట తుడుచుకుని, "ఇంకా ఆలోచిస్తారేంటి చెల్లెమ్మా, మా ఇంటికి రండి" అన్నాడు. "ముందు గది ఖాళీగానే ఉంది, ఎన్నాళ్ళైనా ఉండండి. నీళ్ళకి కూడా ఇబ్బంది లేదు. మొన్ననే మా బోరు ఇంకా లోతుకి దింపించాం."

మామగారు నాకేసి చూశారు. నేను మా ఆయనకేసి చూశాను. ఎండ అప్పటికే నెత్తికెక్కుతోంది, పిల్ల మంచినీళ్ళు అడుగుతోంది.

వెళ్ళాం.