పదడుగుల ఎత్తున పెళ్లికూతురు

ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో రిసెప్షన్ మధ్యాహ్నం పన్నెండున్నరకు మొదలైంది. పెళ్లికూతురు గీత, పెళ్లికొడుకు కార్తీక్ నిలబడ్డ గుండ్రటి హైడ్రాలిక్ స్టేజీ పదడుగులు పైకి లేచింది. పూలు కురిశాయి, ఫోటోలు తీశారు. తర్వాత స్టేజీ దిగాలి. దిగలేదు.

దాన్ని నడిపే అంతయ్య బటన్ నొక్కాడు, మళ్లీ నొక్కాడు, చివరికి అరచేత్తో కొట్టాడు. "ఎన్నడు గిట్ల చేయలే!" అంటూ ఎలక్ట్రీషియన్ కోసం బయటికి పరుగెత్తాడు.

"ఓ బిడ్డా, ఎట్ల దిగుతవే!" అని గీత తల్లి యాదలక్ష్మి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

పైన కార్తీక్ రెయిలింగును గట్టిగా పట్టుకున్నాడు. "కూలిపోదు కదా?"

గీతకు నవ్వొచ్చింది. డిప్లొమా అయిన దగ్గర్నుంచి ఆరేళ్లుగా ఆమె పని టిప్పర్ల, జేసీబీల హైడ్రాలిక్ వాల్వులు విప్పి బాగుచేయడమే. మామగారు రామమోహనరావు మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లోని తమ చుట్టాలకు "అమ్మాయి ఇంజనీరింగ్ కంపెనీలో చేస్తుంది" అని చెప్పి అక్కడితో ఆపేసేవాడు.

"కూలదు. ఆయిల్ లోపలనే ఆగింది, అందుకే కదులుతలేదు," అని కార్తీక్‌తో చెప్పి, కిందికి వంగింది. "మామయ్యా! మీరు జర స్టేజీ ఎనకకు పోండి. స్టేజీ కిందికి మాత్రం ఎవ్వరు పోవద్దు."

"నేనా?" అన్నాడాయన. ఇంట్లో బల్బు మార్చాలన్నా మనిషిని పిలిపించే రకం. కానీ దగ్గరగా ఉన్నది ఆయనే.

స్టేజీ వెనక మోటారు, ఆయిల్ ట్యాంకు, దాని మీద ఇటుకంత వాల్వు కనిపించాయి. వాల్వుకు రెండు చివర్లా రెండు కాయిళ్లు.

"దాని లోపల ఒక కడ్డీ ఉంటది, మామయ్యా. కరెంటొస్తే ఆ కాయిళ్లు దాన్ని జరుపుతయి. ఒక దిక్కు జరిగితే మోటారు తోసే ఆయిల్ స్టేజీ కింది సిలిండర్‌లకు పోతది, మేం పైకొస్తం. ఇంకో దిక్కు జరిగితే ఆ ఆయిల్ ట్యాంకుకు వాపస్ పోతది, దిగుతం. నడుమ ఉంటే అన్ని దారులు బంద్. ఇప్పుడు నడుమనే ఉంది."

"మరి నేనేం చేయాలమ్మా?"

"ముందు మోటారు బంద్ చేయండి. కాయిల్ చివర చిన్న పిన్ను ఉంటది. పెన్నుతోని లోపలికి నొక్కండి."

రామమోహనరావు మోటారు ఆపి, జేబులోంచి పెన్ను తీసి నొక్కాడు. "ఏం కాలేదమ్మా!"

"అది పైకి లేపే దిక్కు. రెండోది నొక్కండి."

నొక్కాడు. స్టేజీ ఒక్కసారి ఊగి, మెల్లగా జానెడు దిగింది. ఆయన ఉలిక్కిపడి పెన్ను తీసేశాడు. స్టేజీ ఆగిపోయింది.

"మీరు ఇడిసిపెడితే స్ప్రింగు కడ్డీని మళ్ల నడుమకు తెస్తది," అంది గీత. "నొక్కుతనే ఉండండి."

ఆయన ముఖం వెలిగిపోయింది. నొక్కాడు, దిగింది. వదిలాడు, ఆగింది. మళ్లీ నొక్కాడు. బ్యాండువాళ్లకు సంగతి అర్థమై, దిగినప్పుడల్లా డోలు కొట్టసాగారు. హాలంతా నవ్వులు.

"అన్నా, ఆటలు తర్వాత ఆడుదురు, ముందు పిల్లలను దించుండ్రి!" అని అరిచింది యాదలక్ష్మి.

వాళ్లు నేలకు దిగేసరికి రామమోహనరావు పట్టుచొక్కా కఫ్‌కు ఆయిల్ అంటింది. ఆ చేత్తోనే చుట్టాలను పట్టుకుని, "మా కోడలు టిప్పర్ల వాల్వులు బాగుచేస్తుందండీ! లోపల కడ్డీకి మూడు స్థానాలుంటాయి..." అని మొదలుపెట్టాడు. వాళ్ల ప్లేట్లలో బిర్యానీ చల్లారిపోయింది.

అంతలో అంతయ్య ఎలక్ట్రీషియన్‌తో వచ్చాడు. కాయిల్ దగ్గర ఊడిన వైరు బిగించి, స్టేజీని ఖాళీగా రెండుసార్లు ఎక్కించి దించి చూశారు.

రామమోహనరావు తన భార్య వేదవతి చెయ్యి పట్టుకుని స్టేజీ ఎక్కాడు. "మన పెళ్లికి ఇలాంటివెక్కడివి? రా!"

గీత పట్టుచీర కొంగు నడుముకు దోపుకుని వాల్వు దగ్గర నిలబడింది. అంతయ్య బటన్ నొక్కాడు. పదడుగుల ఎత్తుకు చేరాక వేదవతి హాలంతా ఒకసారి కలయజూసింది.

"ఇంకాసేపు ఉంచమ్మా," అంది కోడలితో.